పసుపు పూసిన బూడిద అట్ట

నేను ఒక బూడిదరంగు అట్టను, అరచేతిలో పట్టేంత. పువ్వు పక్కన పెట్టి ముందు నన్ను చూపిస్తే కెమెరాకి అక్కడి వెలుతురు తెలుస్తుంది, పువ్వు అసలు రంగులో పడుతుంది. ఏ రంగూ లేకపోవడమే నా ఉద్యోగం! మొదటి యజమాని, పెళ్లిళ్ల ఫోటోగ్రాఫరు, నన్ను టీ గ్లాసు కింద వాడుకున్నాడు. ఆ తర్వాత నంద్యాలలో వృక్షశాస్త్రం చెప్పే ఇందుమతి చేతికొచ్చాను.

దసరాకి వాళ్లత్తగారు రాఘవమ్మ ఆయుధపూజ చేసింది. కెమెరాతో పాటు, పనిలో పనిగా నాకూ ఇంత పసుపు పూసి బొట్టు పెట్టింది. ఇందుమతి పైపైన తుడిచింది గానీ పసుపు నాలోకి ఇంకిపోయింది. చెబుదామంటే నాకు నోరేదీ?

ఆ వారమే ఇద్దరూ నల్లమల వెళ్లారు. కోడలు పువ్వుల వెంట తిరుగుతుంటే అత్తగారు ఒక తీగ గడ్డ తవ్వి, చిన్నప్పుడు తిన్నదేనంటూ తినేసింది. కాసేపటికే వాంతులు. పువ్వుతో సహా తీగను పీక్కుని దగ్గర్లోని ఆరోగ్య కేంద్రానికి పరుగెత్తారు. అక్కడ నర్సు ఒక్కతే. కర్నూలు డాక్టరు ఫోనులో, ఊదా పువ్వుదైతే భయం లేదు, గులాబీదైతే ప్రాణాంతకం అన్నాడు. విరుగుడు అనవసరంగా ఎక్కిస్తే గుండెకే ముప్పట. ఆ రెండు రంగులూ కంటికి ఒకలాగే అనిపిస్తాయి, కంగారులో చెప్పే మాటలు నమ్మను, సరైన రంగుతో ఫోటో పంపమన్నాడు.

వరండాలో పడుకోబెట్టిన అత్తగారి చేతి పక్కనే పువ్వునీ నన్నూ పెట్టింది ఇందుమతి. నా పై ప్రాణాలు పైనే పోయాయి. నా పసుపుని కెమెరా అక్కడి వెలుతురుదే అనుకుంటుంది, దాన్ని పోగొట్టడానికి నీలం కలిపేస్తుంది. అనుకున్నంతా అయింది, పువ్వు ఊదాగా పడింది. అయ్యో, నా మూలంగా మనిషి పోతోందే!

ఇందుమతి కెమెరా తెర చూసింది. "అత్తయ్యా, మీ వేళ్లు నీలమెక్కాయి."

రాఘవమ్మ చెయ్యెత్తి చూసుకుంది. "నా వేళ్లకేమైందే? బానే ఉన్నాయిగా" అంది నీరసంగా.

ఇందుమతి ఆ చేతిని చూసింది, తెరని చూసింది. తర్వాత నన్ను వెలుతురులో వంచి చూసి పసుపు కనిపెట్టింది. గబుక్కున నన్ను తిరగేసింది. నా వీపు తెలుపు, దానికి పూజ అందలేదు. మళ్లీ తీస్తే వేళ్లు వేళ్లలా పడ్డాయి, పువ్వు గులాబీ అని తేలింది. ఫోటో చూసి డాక్టరు చెప్పగానే విరుగుడు ఎక్కించారు. తెల్లారి రాఘవమ్మ మజ్జిగ అడిగింది.

ఇప్పుడు నా వీపుతోనే బతుకుతున్నాను. మళ్లీ దసరా వచ్చింది. పసుపు గిన్నెతో రాఘవమ్మ నా దాకా వస్తుంటే నాకు ఒకటే దడ. ఆమె ఆగింది. గిన్నె కింద పెట్టి, చేతులు పైటకొంగుకి బాగా తుడుచుకుని, నాకు ఉత్త దండం పెట్టింది.