సబ్బు నీలం

సీసా అడుగున వెలుగు.

నీలంగా... గుక్కెడంత.

చీకటి గదిలో నిలబడి ఆమె చూస్తోంది. చేతిలో కంటికి కనబడని కిరణాల దీపం. ఎదురుగా వేలెడంత సీసా. సీసాలో మూడేళ్ళ చాకిరీ.

నీలం! ఎన్నాళ్ళకు తల్లీ, ఎన్నాళ్ళకు!

జింకు తనంతట తాను వెలగదు. దానికి ఒక కర్బన అణువును తోడు తేవాలి. లిగాండు అంటారు. ఆ లిగాండు ఒంటరిగా ఉన్నంతసేపూ ఊగులాడుతూ, అల్లరిపిల్ల పాలు ఒలకబోసుకున్నట్టు, తనలోని వెలుగంతా పారబోసుకుంటుంది. జింకు వచ్చి చేతులు పట్టుకుంటే — కుదురుగా నిలబడుతుంది.

అప్పుడు వెలుగుతుంది.

ఎలాంటి లిగాండును కడితే ఏ రంగు వస్తుందో కనుక్కోవడమే ఆమె పని. గీస్తుంది. చెరిపేస్తుంది. మళ్ళీ గీస్తుంది. ఇరవై ఆరు కట్టింది. పసుపు వచ్చింది, మురికి నారింజ వచ్చింది, చాలాసార్లు ఏమీ రాలేదు. నీలం మాత్రం మొండికేసి కూర్చుంది. శుక్రవారంలోగా నీలం చూపించకపోతే వేరే పని చూసుకోమన్నారు గురువుగారు.

ఇది ఇరవై ఏడోది.

కాళ్ళు నేలమీద ఆనడం లేదు. ఆ సంబరంలో అసలు పని మరిచిపోయింది. తన మందు కలపని, ద్రావకం మాత్రమే ఉన్న సీసాను ముందు చూడాలి. అది చీకటిగా ఉంటేనే ఇది వెలుగు. మొదటి రోజే నేర్పే పాఠం.

ఇప్పుడు గుర్తొచ్చింది. చూసింది.

అదీ నీలమే.

ఉత్త సీసా తీసింది. అదీ నీలమే!

సీసా పట్టుకుని బయటికి వచ్చింది.

బయట కుళాయి దగ్గర సీసాలు కడిగే పెద్దావిడ. ఆ అంతస్తులో అందరికీ పిన్ని. ఈమెను మాత్రం మిణుగురూ అని పిలుస్తుంది. తిన్నావా అని రోజూ అడిగేది ఆవిడ ఒక్కతే.

"ఏమే మిణుగురూ, సీసాలు ఎలా ఉన్నాయ్? ఇక్కడిచ్చే సబ్బు ఒట్టి దండగ. మా ఇంట్లో బట్టలుతికే పొడి తెచ్చి తోమా. నీ వాటికే సుమా, ఎవరితో అనకు."

బట్టల సబ్బుపొడి...

తెల్లగా కనబడాలని అందులో ఒక మందు కలుపుతారు. ఈ దీపం కిరణాలు తగిలితే అది నీలంగా వెలుగుతుంది.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆవిడ ప్రేమంతా సీసా గోడలకు అంటుకుని వెలుగుతోంది.

ఈ నీలాన్నే చూపించేయొచ్చు. ఒక్క క్షణం — ఒక్క క్షణమే — అలా అనిపించింది. అబద్ధమెందుకు, అనిపించింది.

కానీ జరిగింది పిన్నికి చెప్పేసింది.

"అయ్యో నా మతి మండ! నీ కొంప నేనే ముంచానా?"

"కొత్తగా నువ్వు ముంచేదేముంది పిన్నీ? ఇరవై ఆరుసార్లు మునిగిన కొంపే!"

పిన్ని నవ్వలేదు. చీరమీద తొడుక్కున్న చొక్కా చేతులు పైకి మడిచింది. వట్టి నీళ్ళు. ఒకసారి, రెండుసార్లు, పదిసార్లు... ఆ తర్వాత లెక్కే తప్పిపోయింది. ఆరబెట్టింది. తను కట్టిన ఇరవై ఏడోదానిలో మిగిలిన చిటికెడు పొడిని ఆమె మళ్ళీ కరిగించింది. పిన్నిని కూడా చీకటి గదిలోకి లాక్కెళ్ళింది.

ముందు ఉత్త సీసా.

చీకటి.

"నల్లగా ఉందే!" పిన్ని చప్పట్లు కొట్టింది. చీకటికి చప్పట్లు కొట్టిన మనిషిని ఆమె చూడటం అదే మొదలు.

ఇక రెండోది. దీపం పట్టుకున్న చెయ్యి వణికింది. పిన్ని ఆ చెయ్యి పట్టుకుంది. గట్టిగా. వణుకు ఆగింది.

కిరణాలు పిన్ని చేతిమీదా పడ్డాయి. గోళ్ళ అంచుల్లో, చేతి గీతల్లో, తడిసిన నూలు చొక్కా కొసల్లో — సబ్బు నీలం. ఎంత కడిగినా పోలేదు.

సీసా అడుగునా వెలుగు ఉంది.

కొంచెం... గుక్కెడంత.

నీలమో, ఆకుపచ్చో. పక్కన పిన్ని చెయ్యి అంత వెలుగుతుంటే తేల్చుకోవడం కష్టం. చెయ్యి తీయమంటే సరిపోతుంది.

తీయమనాలి.

ఆమె ఇంకా అనలేదు.