రెక్క చాటున

నాకు నోరెక్కువ. విమానం నడపడం నేర్పేవాళ్ళకి ఆ మాత్రం నోరుండాలి, లేకపోతే ఇంజను హోరులో మన మాట ఎవరు వింటారు? మా అక్క మాత్రం తన కూతుర్ని నా దగ్గర చేర్పించిన రోజునుంచీ ఒకటే నస. "దాన్ని అలా కసురుకోకే, అసలే బెరుకు పిల్ల," అంటుంది. ఆ బెరుకు పోయేదాకా కసరడమే నా పని అంటాను నేను.

మాది చిన్న విమానాశ్రయం. ఎవరు ముందు దిగాలో చెప్పే టవరు లేదు. ఎవరికి వాళ్ళే రేడియోలో "ఫలానా చోట ఉన్నాను, ఫలానా వైపు తిరుగుతున్నాను" అని చెప్పుకోవాలి, మిగతావాళ్ళు విని చూసుకోవాలి. దిగేవాళ్ళంతా రన్‌వే చుట్టూ ఎడమకి తిరుగుతూ ఒకరి వెనక ఒకరు రావాలి. అందరూ అలాగే వస్తారు, ఒక్క అడ్డదారి బాబాయి తప్ప. విమానంలోంచి పొలాలకి మందు చల్లి చల్లి రిటైరైన పెద్దాయన. చుట్టూ తిరగడమంటే ఆయనకి నామోషీ. దూరం నుంచి ముక్కుసూటిగా వచ్చి వాలిపోతాడు. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. "ఈ రన్‌వేకి తారు వెయ్యకముందు నుంచీ దిగుతున్నానమ్మా," అని నవ్వేస్తాడు. మంచి మనిషి, అందుకే ఇంకా ఒళ్ళు మండుతుంది.

ఆ రోజు పిల్ల మొదటిసారి ఒంటరిగా ఎగిరింది. మొత్తం మూడుసార్లు ఎగిరి దిగాలి. నేను చేతి రేడియో పట్టుకుని రన్‌వే పక్కన గడ్డిలో నిలబడ్డాను. అక్క నా పక్కనే, ఫోనులో వీడియో తీస్తూ. పిల్ల చుట్టు చక్కగా తిరిగింది. ఆఖరి మలుపు తిరిగి రన్‌వేకి ఎదురుగా వస్తూ ఆ మాట రేడియోలో చెప్పాల్సిన సమయానికి నా చేతిలో రేడియో కీచుమంది, అంతే.

ఆ కీచు ఏమిటో నాకు తెలుసు. ఇద్దరు ఒకేసారి మీట నొక్కి మాట్లాడితే ఎవరి మాటా ఎవరికీ చేరదు. ఇద్దరూ మాత్రం చెప్పేశామనే అనుకుంటారు. ఒకరు మా పిల్ల. రెండోవాళ్ళెవరా అని తలెత్తాను.

"ఆ రెండోది కూడా మీదేనా? ఒకదాని మీద ఒకటి ఎంత ముచ్చటగా వస్తున్నాయో," అంది అక్క.

రెండోది బాబాయిది. ఆయన విమానానికి రెక్కలు కాళ్ళ దగ్గర ఉంటాయి, కింద ఏముందో కనబడదు. పిల్ల విమానానికి రెక్కలు నెత్తి మీద ఉంటాయి, పైన ఏముందో కనబడదు. ఒకరి రెక్క చాటున ఒకరు, ఇద్దరూ అదే రన్‌వేని చూసుకుంటూ దిగుతున్నారు. మధ్యలో జాగా తరిగిపోతోంది.

కేక నోటిదాకా వచ్చి ఆగిపోయింది. రేడియోలో నా కేక వినబడితే ఇంకేమీ ఆలోచించకుండా ఇంజను జోరు పెంచి పైకి లేచిపొమ్మని ఆ పిల్ల చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది నేనే. నిద్రలో లేపి అడిగినా అదే చెబుతుంది. ఇప్పుడు లేచిందంటే నేరుగా బాబాయి చక్రాల్లోకి వెళ్తుంది. పోనీ బాబాయిని పైకి పొమ్మందామా అంటే, ఆ మాట పిల్ల చెవినా పడుతుంది. ముందు పిల్లతోనే మాట్లాడాలి. మెత్తగా మాట్లాడాలి. అటు ఆయన దిగిపోతూనే ఉన్నాడు.

మీట నొక్కాను. "తల్లీ, చక్కగా వస్తున్నావు. అలాగే రా. నేను ఎవరితో ఏమన్నా సరే, నువ్వు ఏదీ మార్చకు, బంగారం." ఆ గొంతు నాదేనా అని నాకే అనుమానం వచ్చింది. "బాబాయ్, మీ కడుపు కింద మా పిల్ల ఉంది. మీరు పైకి వెళ్ళండి, ఇప్పుడే."

ఒక్క క్షణం ఏమీ జరగలేదు. ఆ క్షణంలో నేను చచ్చిపోయాను, అంతకంటే ఎలా చెప్పాలో తెలీదు. తర్వాత పై విమానం ముక్కెత్తి మోత పెట్టుకుంటూ లేచిపోయింది. కిందది ఊగింది గానీ లేవలేదు. అలాగే వచ్చి, నేల తాకి ఎగిరిపడి, మళ్ళీ తాకి కుదురుకుంది.

గడ్డిలో కూలబడ్డాను. "దిగింది కదే, ఎందుకేడుస్తున్నావు?" అంది అక్క. "ఇన్నాళ్ళకి దాంతో ప్రేమగా మాట్లాడావు." దాచేద్దామనుకున్నాను, నా వల్ల కాలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. అక్క ఫోను దించింది. నాలుగు తిట్టినా బాగుండేది.

బాబాయి ఈసారి చుట్టూ తిరిగి, ప్రతి మలుపూ రేడియోలో చెప్పుకుంటూ వచ్చి దిగాడు. టోపీ తీసి పట్టుకుని అక్క ముందు నిలబడ్డాడు. ఆయన కోసం దాచిన తిట్లన్నీ ఆ వాలకం చూసి మింగేశాను. అక్కే ఆయన్ని పక్కనున్న బల్ల మీద కూర్చోబెట్టింది.

ఇంతలో రేడియోలో పిల్ల గొంతు వినిపించింది. "పిన్నీ, నువ్వు బంగారం అన్నప్పుడే నాకు భయమేసింది. చెయ్యి దానంతటదే పైకి లాగబోయింది. ఏదీ మార్చకు అన్నావుగా, మార్చలేదు." కాస్త ఆగి, "ఇంకా రెండుసార్లు ఎగిరి దిగాలి కదా. వెళ్ళనా?" అంది.

అక్క వైపు చూశాను. తను ఒక్క మాట వద్దంటే ఆపేసేదాన్ని. అక్క రన్‌వే చివర పక్కకి తప్పుకుని ఆగి ఉన్న పిల్ల విమానం వైపు చూసింది.

"నువ్వు ఇక్కడే ఉంటావుగా?" అంది.

"ఇక్కడే ఉంటాను."

"అయితే వెళ్ళమను," అంది. ఫోను సంచిలో పెట్టేసి, వచ్చి నా చెయ్యి పట్టుకుంది.