తెలిసిన దొంగ

పుల్లన్న బోరు పాయింట్లను దొంగిలించి హనుమంతరాయుడికి ఇచ్చినవాడు రాఘవేంద్ర. ఇందులో అనుమానానికి చోటు లేదు.

నాలుగేళ్ళ కిందట ల్యాప్‌టాప్ ఆగిపోతే పుల్లన్న దాన్ని అనంతపురంలో రాఘవేంద్ర అంగడిలో ఇచ్చాడు. లోపలి డిస్కు మార్చాలని చెప్పి రాఘవేంద్ర రెండు రోజులు ఉంచుకున్నాడు. ఆ రెండు రోజుల్లో ఏం జరిగిందో పుల్లన్న కళ్ళతో చూడలేదు. చూడాల్సిన పని కూడా లేదు. ఆ ఏడాది నుంచే శింగనమల చుట్టుపక్కల పల్లెల్లో హనుమంతరాయుడి పేరు వినపడడం మొదలైంది. రాయుడు వద్దన్న చేన్లో బోరు వేస్తే దుమ్మే లేస్తుందని జనం చెప్పుకోసాగారు. పుల్లన్న దగ్గర ఆరేళ్ళు వైరు లాగినవాడు రాయుడు. అలాంటివాడికి ఒక్కసారిగా భూమి లోపల కనపడడానికి వాడేమైనా దేవుడా?

పుల్లన్నది బోరుకు పాయింట్ పెట్టే పని. ఏడో తరగతితో బడి మానేసి, ఒక ఇంజనీరు వెంట ఇనుప కడ్డీలు మోసి నేర్చుకున్నాడు. నేలలో నాలుగు కడ్డీలు దిగ్గొట్టి కరెంటు పంపితే మిషన్ అంకెలు చూపిస్తుంది. ఆ అంకెలు ల్యాప్‌టాప్‌లో కొడితే ఒక గీత వస్తుంది. గీత వంగిన చోట రాయి పగిలి ఉందని, అక్కడ నీళ్ళు ఉండొచ్చని అర్థం. అక్కడ సున్నంతో గుర్తు పెట్టి, టెంకాయ కొట్టించి వచ్చేస్తాడు. పదకొండేళ్ళుగా పెట్టిన పాయింట్లన్నీ ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయి. కొత్త చేనికి పోయినప్పుడు చుట్టుపక్కల తాను పెట్టిన పాత పాయింట్లు చూసుకుని, జల ఏ వైపు పారుతోందో అంచనా కడతాడు. అతని విద్య అంతా అదే.

ఈ పనిలో ఒక కట్టుబాటు ఉంది. పాయింట్ పెట్టినవాడు మళ్ళీ ఆ బోరు దగ్గరికి తనంతట తాను పోకూడదు. నీళ్ళు పడితే రైతే పిలుస్తాడు. పడకపోతే తిట్టడానికి వస్తాడు. ఎండిన బోరును తొంగి చూస్తే పాయింట్ పెట్టే చెయ్యి చెడిపోతుందని పుల్లన్నకు పని నేర్పినవాళ్ళు చెప్పారు. అతను ఏనాడూ తప్పలేదు. తిట్టడానికి ఎవరూ రాలేదంటే నీళ్ళు పడినట్టేనని అతని లెక్క.

భార్య సుబ్బరత్నమ్మ బతికున్నప్పుడు పేర్లు, అంకెలు ఆమే కొట్టేది. పది చదివిన మనిషి, వేళ్ళు చురుకు. ఆమె పోయి రెండేళ్ళయింది. అప్పటినుంచి పుల్లన్న ఒక్క వేలితో కొట్టుకుంటున్నాడు. ల్యాప్‌టాప్‌ను మరొకరి చేతికి ఇవ్వడం మాత్రం లేదు.

ఆ సోమవారం అతను వెంకటప్ప చేన్లో ఉన్నాడు. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉబ్బితే ఎప్పుడో తీసేశాడు. ట్రాక్టరు బ్యాటరీకి తగిలిస్తేనే అది వెలుగుతుంది. విరిగిన మూతను సైకిలు ట్యూబు ముక్కతో కట్టాడు. ఫ్యాను తిరగలిలా గురగురమంటుంది. మొదటి వరసలో అంకెలు సగం కొట్టాడో లేదో తెర నల్లబడింది.

"ఏమన్నా, భూమి మాదిరే నీ పెట్టె కూడా ఎండిపోయిందా?" అన్నాడు వెంకటప్ప.

"వేడికి ఆగింది. చల్లబడనీ."

"ఈ పొద్దుకు ఇది మూడోసారి. మా బర్రె కూడా ఇన్నిసార్లు మొండికెయ్యదు. కొత్తది కొనుక్కోరాదా? రాయుడన్న అంతా సెల్లులోనే చూస్తాడు."

పుల్లన్న తలెత్తాడు. "వాడు ఈడికి వచ్చినాడా?"

"పోయిన వారం నేనే పిలిచినా. మిషన్ బండిలోనుంచి దించనే లేదు. సెల్లులో ఏందో చూసుకున్యాడు. ఈ చేను వద్దప్పా, దుడ్లు మన్నులో పొయ్యొద్దు అని చెప్పి పోయినాడు. అందుకే నిన్ను పిలిపిస్తి. నువ్వొచ్చినాక నీళ్ళు లేవంటాయా?"

పుల్లన్నకు కావలసిన సాక్ష్యం దొరికింది. ఇది వెంకటప్ప నిరుడు కొన్న చేను. అంతకుముందు సుంకప్పది. తొమ్మిదేళ్ళ కిందట సుంకప్పకు ఇదే చేన్లో తూర్పు గట్టున పాయింట్ పెట్టింది పుల్లన్నే. సుంకప్ప తిట్టడానికి రాలేదు. అంటే నీళ్ళు పడ్డాయి. తర్వాత చేను అమ్ముకుని కూతురి ఊరికి పోయాడు. మిషన్ దించకుండా సెల్లులో చూసి చెప్పాడంటే రాయుడి సెల్లులో ఉన్నవి ఎవరి పాయింట్లు? ఇక్కడ నీళ్ళు ఉన్నాయని తెలిసే, పుల్లన్నకు పేరు రాకూడదనే వద్దని పోయాడు. అంతే.

"శుక్రవారం బండి వస్తాది," అన్నాడు వెంకటప్ప. బోరు వేసే లారీని అందరూ బండి అనే అంటారు. "ఆలోగా గుర్తు పెట్టల్ల నువ్వు. మళ్ళీ ఆ బండి దొరికేది ఎప్పుడో."

"పెడతా. తూర్పు గట్టు పక్కనే వస్తాది. గీత చూసి ఖాయం చేస్తా."

గీత రాలేదు. సాయంత్రం దాకా చూసినా తెర వెలగలేదు.

కొత్తది కొనడం పుల్లన్నకు ఇష్టం లేదు. కొన్నేళ్ళకు చచ్చేలాగే వాటిని తయారు చేస్తారని అతని నమ్మకం. దాన్నైనా సహించగలడు. పాతదాంట్లో ఉన్నది కొత్తదాంట్లోకి ఎక్కించాలంటే ఎవడో ఒకడి చేతికి ఇవ్వాలి. అదే అతనికి మింగుడు పడలేదు. కొనకపోతే శుక్రవారం వెంకటప్ప ముందు చేతులు ముడుచుకుని నిలబడాలి. ఆ ఒక్క చేను పోతే చుట్టుపక్కల ఊర్లన్నీ రాయుడి వెంటే పోతాయి. అనంతపురంలో అంగళ్ళు చాలా ఉన్నాయి. అయినా కొత్త దొంగ కన్నా తెలిసిన దొంగ మేలు అనుకున్నాడు. తెలిసినవాడి చేతులు ఎక్కడెక్కడ తిరుగుతాయో చూస్తూ కూర్చోవచ్చు.

మరునాడు పొద్దున బస్సులో ల్యాప్‌టాప్‌ను ఒళ్ళో పెట్టుకుని అనంతపురం పోయాడు.

రాఘవేంద్ర నలభై ఏళ్ళ మనిషి. మాట మెత్తన. అది కూడా పుల్లన్నకు నచ్చని గుణమే. ల్యాప్‌టాప్ అడుగు విప్పి బ్రష్షుతో దులిపితే ఎర్రమన్ను బల్లమీద రాలింది.

"అన్నా, దీంట్లో ఒక మడి మన్నుండాది. శనక్కాయ వేయొచ్చు."

"పని చూడు."

"లోపలి బోర్డు పోయే దశలో ఉండాది. ఈ మోడలుకు సామాన్లు రావడం లేదు. కొత్తది తీసుకో."

"నువ్వు చెప్తావులే. అమ్ముకునేవాడు ఇంకేం చెప్తాడు?"

"నా కాడ వద్దు. పక్కంగట్లో కొనుక్కో. నేను ఎక్కించి ఇస్తా."

ఈ మాటతో పుల్లన్న అనుమానం ఇంకా పెరిగింది. అమ్మకం మీద ఆశ లేనివాడికి ఎక్కించడం మీద ఆశ ఎందుకు? స్టూలు లాక్కుని, రాఘవేంద్ర మోచేయి తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు.

"టీ చెప్పినా, తాగన్నా."

"తాగను. టీ తాగేలోగా శానా పనులు జరుగుతాయి."

రాఘవేంద్ర చేతిలో బ్రష్షు బల్లమీద పెట్టాడు. "నాలుగేండ్లుగా బజార్లో కనపడితే మొగం తిప్పుకుంటాండావు. నేను చేసిన తప్పేందో ఈ పొద్దు చెప్పు."

"నీకు తెలీదా?"

"తెలిస్తే అడుగుతానా?"

"దీంట్లోనుంచి నా పాయింట్లు బయటికి పోయినాయి. హనుమంతరాయుని సెల్లులో ఉండాయి. నా చేతిలోనుంచి పోలేదు. నీ కాడ రెండు దినాలు ఉండె. ఇంగ నువ్వే చెప్పు."

రాఘవేంద్ర ల్యాప్‌టాప్ వైపు తల దించాడు. తల దించడాన్ని పుల్లన్న ఒప్పుకోలు కిందే లెక్క వేసుకున్నాడు.

"మెయిల్లో పోయింటే తెలుస్తాదన్నా. ఎప్పుడు పోయింది, ఎవరికి పోయింది, అంతా ఉంటాది. చూద్దామా?"

"చూడు. నా ముందరే చూడు. చెయ్యి వణకకుండా చూడు."

రాఘవేంద్ర బల్ల ఫ్యానును ల్యాప్‌టాప్ మీదికి తిప్పాడు. రెండుసార్లు నొక్కితే తెర వెలిగింది. సెల్లుతో నెట్టు కలిపాడు. మెయిలు దానంతట అదే తెరుచుకుంది. పైన సుబ్బరత్నమ్మ పేరు ఉంది. ఆమె పోయినప్పటినుంచి ఎవరూ దాన్ని మూయలేదు.

"వదిన మెయిలన్నా ఇది. వద్దనుకుంటే..."

"తియ్. ఈ పొద్దు తేలల్ల."

పంపినవాటి వరస వచ్చింది. చాలావరకు ఒకే మనిషికి పోయాయి. హనుమంతరాయుడికి. పుల్లన్న ఆ పేరును రెండుసార్లు చదివాడు.

"ఇది నువ్వే పంపి, ఆమె పేరు పెట్టినావు."

"అన్నా, తేదీ చూడు. మొదటిది శివరాత్రికి ముందు పోయింది. నువ్వు నా అంగడికి వచ్చింది ఉగాది అయినాక. ఆ పొద్దుకు నీ మొగం కూడా నాకు తెలీదు."

పుల్లన్న తేదీ చూశాడు. తర్వాత ల్యాప్‌టాప్‌ను తన వైపు తిప్పుకుని, మొదటి ఉత్తరం మీద వేలు పెట్టి ఒక్కో మాటా చదివాడు.

"తమ్ముడు రాయుడికి, మీ అన్న పెట్టిన పాయింట్లలో నీళ్ళు పడని చోట్లు రాసి పంపుతున్నాను. కరువు పనికి కూలికి పోయినప్పుడు ఆడవాళ్ళను అడిగి రాసుకున్నాను. మగవాళ్ళు చెప్పరు. బోరు పోయిందంటే అప్పు పుట్టదని, చేను అమ్ముడుపోదని దాచిపెడతారు. మీ అన్నకు చెప్పబోతే అరిచినాడు. ఆ చోట్లకు తిరిగి పోడు, ఒకరు చెబితే వినడు. పక్కనే మళ్ళీ పెడుతున్నాడు. నిన్ను ఎవరైనా పిలిస్తే ఈ చేన్లలో వేయనీయవద్దు. నేను పంపినట్టు ఆయనకు తెలియనీయవద్దు. తెలిస్తే నాతో మాట్లాడడు."

కింద ఒక పట్టిక. తర్వాతి ఉత్తరాల్లో అది పెరుగుతూ పోయింది. తన పాయింట్లు మాత్రమే ఉన్నాయని పుల్లన్న అనుకున్న ల్యాప్‌టాప్‌లో ఇన్నాళ్ళూ అది కూడా ఉంది. ఊరు, రైతు, అడుగులు, చెప్పిన మనిషి పేరు. తొంభై ఏడు చోట్లు. అన్నీ అతను పెట్టినవే. నీళ్ళు పడ్డాయని లెక్కవేసుకుని, వాటి పక్కన మళ్ళీ గుర్తులు పెట్టినవే. చివరిది ఆమె ఆస్పత్రిలో చేరడానికి పది రోజుల ముందు రాసింది.

వేలు కిందికి జరుపుతూ పోయాడు. మధ్యలో ఒక వరస దగ్గర ఆగింది.

"సుంకప్ప, తూర్పు గట్టు. నాలుగు వందల ఇరవై అడుగులు. దుమ్ము. చేను అమ్మాలని బోరు మీద బండ వేసి మన్ను కప్పినారు. చెప్పింది సుంకప్ప భార్య."

అప్పుడెప్పుడో ఒక మధ్యాహ్నం శనక్కాయలు వలుస్తూ సుబ్బరత్నమ్మ ఏదో చేను పేరు చెప్పి, ఆడికి మళ్ళీ పోవద్దని అంది. "నువ్వు బండ కిందికి దిగి చూసొచ్చినావా?" అని అతను గట్టిగా అరిచాడు. ఆమె మారు మాట్లాడలేదు. ఒప్పుకుందని అతను అనుకున్నాడు. ఒప్పుకోలేదు. చేట పక్కన పెట్టి లేచిపోయి, తన దగ్గర వైరు లాగినవాడికి రాసింది. రాసింది నిజమే కావచ్చు. నిజమైనంత మాత్రాన మొగుడి ఓటమిని ఒక్కోటి ఏరి పరాయివాడి చేతిలో పెట్టడం తప్పు కాకుండా పోదు. చివరిదాకా అతనికి గంజి కాచి పోస్తూనే ఆ పని చేసింది. అడుగుదామంటే మనిషి లేదు.

తెర ఒకసారి మిణుకుమంది.

"బిన్నా చెప్పన్నా, టైము లేదు," అన్నాడు రాఘవేంద్ర. "ఇది ఇంగ ఎంతోసేపు నిలబడదు. పాయింట్లు ఎక్కిస్తాండా. ఈ పట్టిక కూడా ఎక్కించాల్నా, వదిలెయ్యాల్నా?"

పుల్లన్న వేలు ఇంకా సుంకప్ప వరస మీదే ఉంది. ఆ పట్టిక లేకపోతే అతని పాయింట్లు పదకొండేళ్ళుగా ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి. అన్నీ నీళ్ళే. శుక్రవారం తూర్పు గట్టున బండి నిలబడుతుంది.

"ఎక్కించు."

"ఉత్తరాలు?"

"వద్దు."

"యాడ నుంచి తెచ్చేది కొత్తది?"

"నీ కాడే ఇయ్యి. ఉన్నవాట్లో గట్టిది."

రాఘవేంద్ర పెట్టె విప్పి కొత్త ల్యాప్‌టాప్ బయటికి తీశాడు. రెండింటినీ వైరుతో కలిపాడు. పని నడుస్తున్నంతసేపు అతను పుల్లన్న మొగం వైపే చూస్తూ, ఒక మాట కోసం కాచుకున్నాడు. అది రాకపోయేసరికి తానే అన్నాడు. "నాలుగేండ్లు నన్ను దొంగను చేస్తివి గదన్నా."

"ఒక దినం పనికి రెండు దినాలు ఏల పెట్టుకున్నావు? అది నీ తప్పు కాదా?" అన్నాడు పుల్లన్న.

రాఘవేంద్ర నవ్వబోయి మానేశాడు. చల్లారిన టీ గ్లాసును పక్కకు జరిపాడు.

కొత్త ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని పుల్లన్న అంగడి మెట్లు దిగాడు. బస్టాండు దాకా ఆగలేదు. ఆటోల రొదలోనే నిలబడి వెంకటప్పకు ఫోను చేశాడు.

"శుక్రవారం బండిని రావద్దని చెప్పు."

"ఏమన్నా, కొత్తది కొనలేదా?"

"కొన్నా. ఆ చేన్లో బోరు వద్దు."

"నిన్న నువ్వే కదా తూర్పు గట్టుకే వస్తాదని చెప్తివి?"

"చెప్పినా. ఇప్పుడు వద్దంటాండా. గట్టు కాడ పార పెట్టి తవ్వి చూడు, నీకే తెలుస్తాది."

వెంకటప్ప గట్టిగా నవ్వాడు. "రాయుడన్న ఇదే మాట చెప్పె, నువ్వూ ఇదే చెప్తాండావు. మీరిద్దరూ ఒక్కటైనారా ఏందన్నా? నీకెట్ల తెలిసె? ఎవరు చెప్పిరి?"

"బండిని ఆపుతావా, లేదా?"

"ఆపుతాలే. ఎవరు చెప్పిరో అది చెప్పు."

"అది అడగద్దు వెంకటప్పా. నువ్వే కాదు, ఎవరడిగినా చెప్పను. ఈ సంగతి ఇంగ నా నోట రాదు."