చూడందే కొలత లేదు

ఆ వీధిలో ఆమెను అందరూ కొలతమ్మ అనే పిలిచేవాళ్ళు. దర్జీ దుకాణంలో పని. మనిషిని ఒకసారి ఎగాదిగా చూసిందంటే చాలు, భుజం ఎంత, నడుం ఎంత, చెయ్యి ఎంత పొడవో టేపు ముట్టకుండా చెప్పేసేది. అయితే మనిషిని చూడందే మాత్రం గుడ్డకు కత్తెర పెట్టేది కాదు. "మా చెల్లెలు అచ్చం నా అంతే ఉంటుంది, కుట్టెయ్" అని ఎవరైనా గుడ్డ తెస్తే, "అయితే ఆ అచ్చాన్ని ఓసారి వెంటబెట్టుకు రా" అని వెనక్కి పంపేది.

కడుపుతో ఉన్నప్పుడూ అదే మొండితనం.

"ఊళ్ళో పిల్లలందరికీ కుడతావు. కడుపులో బిడ్డకి ఒక్క చొక్కా కుట్టడానికి చేతులు రావట్లేదా?" అని అత్తగారు దెప్పేది.

"మనిషిని చూడనివ్వండి అత్తయ్యా. చూశాక ఒక్క పూటలో కుట్టేస్తా."

"అందాకా బిడ్డ ఏం కట్టుకోవాలే?"

"మీ పాత దుప్పటి ఉందిగా, మెత్తగా."

"నా దుప్పటి మీదే పడిందా నీ కన్ను!"

అలా నవ్వులాటగా తప్పించుకునేది గానీ, మిగిలిన ముక్కల్లోంచి మెత్తటి పసుపుపచ్చ గుడ్డ ఒకటి ఏరి మిషను సొరుగులో దాచింది. పని మధ్యలో సొరుగు లాగి, దాన్నోసారి తడిమి, మళ్ళీ మూసేది. లోపల తన్నుతున్న ఆ మనిషిని ఎప్పుడు చూస్తానా అని ప్రాణం కొట్టుకునేది.

నెల ముందే వచ్చేశాయి నొప్పులు. పొద్దున కాలరు కుడుతుంటే నడుముకి ఎవరో తాడు వేసి బిగించినట్టయింది. ఇంకోసారి బిగించేసరికి కాళ్ళకింద నేల తడిసింది. ఎదురు మిషను దగ్గరున్న మాస్టరు, "ఆ చెంబు తన్నేశావా ఏంటి?" అన్నాడు.

"చెంబు కాదు మాస్టారూ, నేనే."

ఆయన పళ్ళమధ్య గుండుసూదులు అలాగే ఉంచుకుని ఆటో కోసం వీధిలోకి పరిగెత్తాడు. ఆయన వచ్చేలోపు ఈమె కాలరు చివరిదాకా కుట్టి, దారం తెంపి, అప్పుడు లేచింది.

ఆసుపత్రి మంచం మీద నొప్పి ఎత్తుకున్నప్పుడు చేతికి దొరికిన ఇనుప కడ్డీ తప్ప ఇంకేమీ ఉండేది కాదు. దిగినప్పుడు గోడమీద ఊడిన పెచ్చు, కిటికీ, వాకిట్లో అత్తగారి దగ్గు, ఒక్కొక్కటే తిరిగొచ్చేవి. ఆ కాస్త సందులో కడుపు మీద చెయ్యేసుకుని, "రా తల్లీ, రా నాన్నా, ఎవరివైతే ఏం, ఒక్కసారి చూడనీ" అని బతిమాలేది.

మధ్యాహ్నం డాక్టరమ్మ కడుపు మీద గొట్టం ఆనించి విని, ముఖం ముడిచింది. "బిడ్డ గుండె నెమ్మదిస్తోంది. ఆపరేషన్ చేసి బిడ్డని బయటికి తీద్దాం."

"మత్తిస్తే నేను చూడలేనుగా?"

"లేచాక తీరిగ్గా చూద్దువుగానీలే."

లేచింది. చెయ్యి ముందు కడుపు మీదికి పోయింది. అక్కడ కట్టు తప్ప ఏమీ లేదు. పక్కన తడిమింది. అక్కడా ఏమీ లేదు.

"ఆడపిల్లమ్మా" అంది ఆయమ్మ దుప్పటి సర్దుతూ. "ఊపిరి కాస్త ఎగబీలుస్తోందని పైఅంతస్తులో వెచ్చటి పెట్టెలో పెట్టారు. భయం లేదన్నారు."

"నేను చూడాలి."

"ఇవాళ మంచం దిగావంటే నర్సమ్మ నన్ను తినేస్తుంది. రేపు."

భర్త వచ్చాడు. బస్సు డ్రైవరు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నవ్వు చెవులదాకా సాగింది.

"ఎంత ఉంది?" అందామె.

రెండు చేతులూ చాపి చూపించాడు. "ఇంత!"

"ఏమయ్యా, అది బిడ్డా, నీ బస్సు స్టీరింగా?"

అత్తగారు వచ్చి వేళ్ళ కొసల నుంచి మోచేతిదాకా గీసి చూపించింది. "ఇంతుంది. ముక్కు మాత్రం మావాడిదే, దించేసింది."

ఆయమ్మను అడిగితే అరచెయ్యి చాపింది. "పిల్లికూనంత."

ముగ్గురూ మూడు కొలతలు చెప్పారు. కన్నది తను. చూసింది మాత్రం తను తప్ప అందరూ. కళ్ళు మూసుకుని ఆ మూడు కొలతలూ కలిపి బిడ్డను కట్టుకోబోతే, ముక్కు దగ్గరికి వచ్చేసరికి మొగుడి ముఖమే వచ్చి కూర్చునేది. ఒళ్ళు మండేది.

మర్నాడు పక్క మంచం బిడ్డ ఏడిస్తే ఈమె ఒంటిమీది గుడ్డ పాలతో తడిసింది. ఎవరి బిడ్డో పిలిస్తే తన ఒళ్ళు పలికింది. ఇక ఆగలేకపోయింది. "తలుపుదాకా నడిస్తే, చక్రాల కుర్చీలో పైకి తీసుకెళ్తా" అని నర్సు అనడమే తరువాయి, అత్తగారి భుజం పట్టుకుని లేచింది.

"మెల్లగా నడవవే, కుట్లు పిగులుతాయి!"

"పిగలవు అత్తయ్యా. ఎవరు వేశారో గానీ గట్టి చెయ్యి" అంటూ పళ్ళు బిగించి తలుపుదాకా నడిచింది. భర్త తెచ్చిపెట్టిన పసుపుపచ్చ గుడ్డ గుప్పిట్లో ఉంది.

అద్దాల పెట్టెలో ఒక ప్రాణం. ముక్కు దగ్గర సన్నటి గొట్టం, పొట్ట గబగబా ఎగిరి పడుతోంది. నర్సు చేతులు కడిగించి పెట్టె పక్కనున్న గుండ్రటి తలుపు తీసింది. ఆమె చెయ్యి లోపలికి పెట్టి చిటికెనవేలు అందించింది. బియ్యపుగింజల్లాంటి గోళ్ళున్న చెయ్యి ఒకటి ఆ వేలు చుట్టూ మూసుకుంది. భుజం చూద్దామనుకుంది, ఛాతీ చూద్దామనుకుంది. ఏదీ కంటికి ఆనలేదు. నీళ్ళు అడ్డొచ్చాయి.

"ఇక చాలమ్మా, తలుపు వెయ్యాలి" అంది నర్సు. వేలు వెనక్కి తీసుకోవడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

కిందికి రాగానే అత్తగారు ఎదురొచ్చింది. "చూశావుగా! ఇప్పుడు చెప్పు, ఎంత ఉంది?"

కొలతమ్మ రెండు చేతులూ ఎత్తింది. ఎడంగా పెట్టింది, దగ్గరికి తెచ్చింది, మళ్ళీ ఎడం చేసింది. చివరికి ఒళ్ళో పెట్టేసుకుంది.

"తెలీలేదు అత్తయ్యా."

"నీకా?" అత్తగారు దెప్పబోయి ఆగింది. పక్కన కూర్చుని, కోడలి గుప్పిట్లో నలిగిపోయిన గుడ్డ తీసి మోకాలి మీద చదును చేసింది. "మాకు మాత్రం తెలిసిందా ఏంటే. తలా ఒకటి చూపించాం."

"ఆ పెట్టె తలుపు మళ్ళీ ఎప్పుడు తెరుస్తారో అడగండి" అంది కొలతమ్మ, చిటికెనవేలిని రెండో చేత్తో పొదివి పట్టుకుని.