వెనక బ్రాకెట్

ఏమంత గొప్పగా కొట్టిందని, రేకుముక్కని ఇనుప కోణం మీద పెట్టి సుత్తితో వంచింది, అంచులు ఆకురాయితో రుద్దింది, పైన నల్లరంగు పూసింది, అంతేగా, దానికే శేషగిరి గారు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, సూర్యకుమారి చేసిన ముందు బ్రాకెట్‌ని అరచేతిలో తిప్పి తిప్పి చూశారు, ధాత్రి చేసిన వెనక బ్రాకెట్‌ని ఒక్కసారి చూసి బల్ల మీద పడేశారు, ఆ చప్పుడు మధ్యాహ్నం నుంచి ఆమె చెవిలోనే ఉంది, వాన్ అనే ఈ ఊళ్ళో అద్దె షెడ్డు తనది, వెల్డింగ్ మిషను తనది, ఆ సుత్తి కూడా తనదే, సుత్తి పట్టుకోవడం దానికి నేర్పింది తనే, ఇప్పుడు మెచ్చుకోలు మాత్రం దానికి.

శేషగిరి గారు కట్టించుకుంటున్న కారుని హాట్ రాడ్ అంటారు, పాత కారు ఒళ్ళు ఉంచి లోపల పెద్ద ఇంజను దింపిన బండి, ఒకప్పుడు ఇక్కడి కుర్రాళ్ళు ఇళ్ళ వెనక షెడ్లలో చేతికందిన ఇనుముతో కట్టుకున్న రకం, అమెరికాలో జీవితమంతా కంప్యూటర్ల ముందు కూచుని, సరిహద్దు దాటి ఇటు వచ్చి రిటైరైన ఆయనకి ఇప్పుడు అదే దేవుడు, ఆ కాలపు నంబర్ ప్లేట్లు ఒక జత ఎక్కడో సంపాదించి, వాటిని పట్టుకునే బ్రాకెట్లు కూడా ఆ కాలపు తీరులోనే ఉండాలన్నారు, ముందుది సూర్యకుమారికి, వెనకది ధాత్రికి, ఎవరిది కుదిరితే కారుకి కావలసిన మిగతా ఇనుప పనంతా వాళ్ళకే అని నవ్వుతూనే అన్నారు, నవ్వుతూ అన్నంత మాత్రాన అది పందెం కాకుండా పోతుందా, ఆ కాలపు తీరు అంటే పాతదానిలా కనపడాలి కదా అనుకుంది ధాత్రి, మిషను మీద కత్తిలాంటి మడత తీసింది, వెల్డింగ్ గీత జాడ లేకుండా గ్రైండ్ చేసింది, ఆపైన వెనిగర్‌లో ఉప్పు కలిపి పోసి తుప్పు పట్టించింది, ఎంత ముచ్చటగా పట్టిందో ఆ తుప్పు, శేషగిరి గారు దాన్ని గోటితో గీసి, ధాత్రి గారూ, ఆ రోజుల్లో ఈ కారు పాతది కాదు కదండీ, అప్పుడే చేత్తో కొట్టిన కొత్త బ్రాకెట్‌లా ఉండాలి, తుప్పు దానంతటదే వస్తుంది, అన్నారు, తనని గారూ అంటారు, దాన్నేమో తల్లీ అంటారు, ఏరా తల్లీ, ఈ దెబ్బ ఎక్కడ నేర్చుకున్నావు, అంటే అది చెప్పాలా వద్దా, పక్కనే నిలబడ్డ మనిషిని చూపించాలా వద్దా, పళ్ళన్నీ బయటపెట్టి, అలా వచ్చేసింది అంకుల్, అంది, అలా వచ్చేసిందట.

అనేసి, షిఫ్ట్‌కి టైమ్ అయిపోయిందంటూ బ్రాకెట్‌ని సంచిలో పడేసుకుని గోడౌన్‌కి పరుగెత్తింది, కొలత తీసుకోవడం కూడా మర్చిపోయింది, ఇదిగో ఇప్పుడు ఫోన్‌లో మెసేజ్, అక్కా, బ్రేక్‌లో ఉన్నా, ప్లేట్ రంధ్రాల మధ్య ఎంతుందో కొలిచి పెట్టవా, పొద్దున ఇంట్లోనే డ్రిల్ చేసేస్తా, ప్లేట్లు నీ దగ్గరే ఉన్నాయిగా, ఉన్నాయి, ఎదురుగా బల్ల మీదే ఉన్నాయి, కానీ ధాత్రి చెయ్యి టేపు వైపు పోలేదు, వేళ్ళు ఏడు అంగుళాలు అని కొట్టేశాయి, అది ఇప్పటి ప్లేట్ల కొలత, ఈ పాత ప్లేటుకి అంతకంటే ఎడం, చూస్తేనే తెలుస్తోంది, ఏడు అని పంపితే అది ఏడుకే చిల్లు పొడుస్తుంది, అక్క చెప్పాక దానికి మారుమాట ఉండదు, శనివారం కారుకి బిగించేటప్పుడు ముసలాయన ముందు స్క్రూ పట్టదు, ఇటు జరిపి అటు జరిపి చూస్తుంది, చెవులు ఎర్రబడతాయి, మళ్ళీ పొడిస్తే ఆ మెచ్చుకున్న బ్రాకెట్ మొహమంతా బొక్కలే, అప్పుడు తను మెల్లగా అనొచ్చు, నువ్వే కొలుచుకోవాలి కదే, ఇంకొకరి మాట మీద రేకు పాడుచేసుకుంటారా, బొటనవేలు పంపే గుర్తు మీదే ఆగి ఉంది.

చెప్పిందల్లా నమ్ముతుంది, మొదటి రోజు నుంచీ అంతే, జింకు పూత రేకు ఒకటి తెచ్చి అలాగే వెల్డ్ పెట్టబోతే ధాత్రి దాని మణికట్టు మీద ఫెడీమని కొట్టింది, పూత గీకకుండా పెట్టావంటే ఆ పొగ నేరుగా నీ ఊపిరితిత్తుల్లోకి పోతుందే మొద్దూ, అంది, నీకెలా తెలుసక్కా అని అడిగితే మాట మార్చింది, ఏమని చెప్పాలి, నార్త్ యార్క్‌లో ఒక బేస్‌మెంట్ గదిలో ఒక్కతే ఉన్న రోజులు, వీడియోలు చూసి వెల్డింగ్ నేర్చుకుంటోంది, వీడియోలో వాడు పూత సంగతి ఎత్తనే లేదు, సాయంత్రానికి నోట్లో రాగిబిళ్ళ పెట్టుకున్నట్టు చేదు, ఆ వెనకే చలిజ్వరం, ఉన్న దుప్పట్లకి తోడు చలికోటు కూడా కప్పుకున్నా పళ్ళు టకటకా కొట్టుకున్నాయి, చచ్చిపోతాననుకుంది, ఎవరికి ఫోన్ చేయాలో తెలియలేదు, తర్వాత మిషను అమ్మినవాణ్ణి అడిగితే, తెలుసుకుని మొదలుపెట్టాల్సింది, అన్నాడు, ఎవర్నడిగి తెలుసుకోవాలిరా, ఆ జ్వరం సూర్యకుమారికి రాలేదు, వెల్డింగ్ వెలుగు తగిలి కళ్ళలో ఇసుక పోసినట్టు ఒక్కరోజూ ఏడవలేదు, బొటనవేలి గోరు ఊడలేదు, ఎందుకు ఊడుతుంది, వెనక నిలబడి దాని చెయ్యి తన చేతిలో పట్టుకుని కొట్టించింది కదా, మోచెయ్యి కాదే, మణికట్టు ఆడించు, ఇనుమే చెప్తుంది ఎక్కడ ఆగాలో, అని, నొప్పి తెలియకుండా వచ్చిన పనిని మరేమంటుంది, అలా వచ్చేసింది అనే అంటుంది, అది అబద్ధం చెప్పలేదు.

టేపు అందుకుంది, కొలిచింది, నమ్మకం చాలక మళ్ళీ కొలిచింది, ఏడు చెరిపేసి అసలు కొలత పెట్టింది, ముందు అట్టముక్కకి పొడిచి ప్లేటు మీద ఆనించి చూసుకో, అప్పుడే రేకు ముట్టుకో, అని కూడా కొట్టి పంపేసింది, థాంక్స్ అక్కా, నువ్వు లేకపోతే నేనేమైపోదునో, అని వెంటనే జవాబు, ఏమైపోతావు, నాలాగే అయ్యేదానివి, అనుకుంది, కడుపులో మంట తగ్గలేదు, మంచిపని చేస్తే తగ్గుతుందని ఎవరో కూస్తారు గానీ ఏం తగ్గదు, ముసలాయన పని దానికే ఇస్తాడు, ఇచ్చుకోనీ, ఈ తుప్పు బ్రాకెట్‌ని చెత్తలో పారేసి రేపు సుత్తితో ఇంకోటి కొడుతుంది, అదేమంత పని కాదు, ఈ మంట ముసలాయన మెప్పు గురించి కాదు, బ్రాకెట్ గురించీ కాదు, దాని చెయ్యి తన చెయ్యిని దాటిపోయినందుక్కూడా కాదు, దానికి ఒక ధాత్రి దొరికింది, ధాత్రికి ఎవరూ దొరకలేదు, ఇన్నాళ్ళూ తను కుళ్ళుకుంటున్నది అందుకు.