వెనక డిస్కులకు పసుపు

ఆ ఆదివారం కేతేపల్లిలోని ఇంట్లో ఉన్నది నలుగురే: అవ్వ జంగమ్మ, పాత స్పోర్ట్స్ కారు వేసుకుని వచ్చిన చిన్నాయన విజేందర్, అతని మెకానిక్ దోస్తు బెంజమిన్, పదో తరగతి చదివే భాగ్యశ్రీ. కొత్తవాళ్ల ముందు భాగ్యశ్రీకి గొంతు పెగలదు.

దోస్తులిద్దరూ పొద్దున్నుంచి కష్టపడి కారు వెనక బ్రేకులకు పాతవాటికంటే పెద్ద డిస్కులు బిగించి, అన్నానికి లోపలికి పోయారు. అప్పుడు అవ్వ, దసరాకు ట్రాక్టరుకు పెట్టినట్టే, మంచినూనెలో పసుపు కలిపి ఆ డిస్కులకు రాసి మొక్కింది. కొడుకు కసురుకుంటాడేమోనని వెంటనే కొంగుతో తుడిచేసింది. పసుపు పోయింది గానీ నూనె పోలేదు. గడపలో నిలబడి భాగ్యశ్రీ అంతా చూసింది.

తిని వచ్చి వాళ్లు చక్రాలు ఎక్కించారు.

"హైవే మీద చూద్దాం పా. తొక్కంగనే ఆగాలె!" అన్నాడు విజేందర్.

చెప్తే అవ్వకు తిట్లు. చెప్పకపోతే బండి ఆగదు.

"చిన్నాయనా... డిస్కులకు నూనె ఉంది," అంది భాగ్యశ్రీ.

బెంజమిన్ చక్రం విప్పి డిస్కును వేలితో రుద్ది చూశాడు. "నిజమే రా! బండి కదిలితే డిస్కును పట్టే ప్యాడ్లు గూడ ఖరాబైతుండె."

"మంచిగుండాలని మొక్కిన కొడుకా," అంది అవ్వ మెల్లగా.

"బొట్టు బానెట్‌కు పెట్టాలె అమ్మా, బ్రేకులకు గాదు!" అని విజేందర్ నవ్వేశాడు.

డిస్కులు శుభ్రంగా కడిగి, చక్రాలు బిగించాక బెంజమిన్ ముందు సీటు ఎక్కబోయాడు. విజేందర్ ఆపాడు. "నువ్వాగురా. కూసో బిడ్డా."

భాగ్యశ్రీ బెరుగ్గా కూర్చుంది.

"ఎట్ల ఆగిందో వచ్చినంక నువ్వే చెప్పాలె, గట్టిగ," అంటూ బెంజమిన్ ఆమె పక్క తలుపు వేశాడు.