ఐదో తప్పు

ఇళ్ల సామాన్లు మోసే ఆ కంపెనీలో ఆయన్ని అందరూ 'నాదేలే బాబాయ్' అంటారు. బీరువా గోడకు గీసుకున్నా, మంచం కోడు విరిగినా, తప్పెవరిదని ఎవరైనా నోరు తెరిచేలోపే ఆయన "నాదేలే, పదండి" అనేస్తాడు. పాతికేళ్లుగా అదే వరస. నిజానికి వాటిలో సగం జరిగినప్పుడు ఆయన ఆ గదిలోనే ఉండడు. ఒకసారి లారీ టైరు పంక్చరైతే కూడా నాదేలే అన్నాడు. అదెలాగని ఎవరూ అడగలేదు.

ఆయన జట్టులో ఇంకో ముగ్గురున్నారు. డ్రైవరుకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మిగతా ఇద్దరూ బావా బావమరుదులు, ఒకడు ఎడ్డెమంటే ఇంకొకడు తెడ్డెమంటాడు. అయినా కంపెనీలో అందరికంటే ముందు పని ముగించేది వీళ్లే. ఎందుకో మేనేజరుకు తెలియదు. ఆ మాటకొస్తే వాళ్లకూ తెలియదు.

ఇలా సాగుతుండగా మేనేజరు ఒక తప్పుల పుస్తకం పెట్టాడు. ఏది పగిలినా, ఎక్కడ గీత పడినా, అదెవరి తప్పో అందులో రాసి సంతకం చేయాలి. ఒకే పేరు ఐదుసార్లు పడితే ఉద్యోగం ఊడినట్టే. పది రోజుల్లో బాబాయ్ పేరు నాలుగుసార్లు పడింది.

ఇంట్లో భార్య నిలదీసింది. "నాలుగూ మీరే చేశారా?"

"ఒకటి నాదే అనుకుంటా."

"అనుకోవడమేంటండీ! యాభై ఎనిమిదేళ్లొచ్చాయి, రెండు మోకాళ్లకీ పట్టీలే. రేపు మిమ్మల్ని ఎవరు పిలిచి పనిస్తారు? ఇక ఆ నోరు కుట్టేసుకోండి."

బాబాయ్‌కి నిజంగానే భయం వేసింది. మోత తప్ప ఇంకో పని ఆయనకు రాదు. సరేనన్నాడు.

మర్నాడు మూడో అంతస్తుకు బీరువా ఎక్కిస్తుంటే మెట్ల మలుపులో దాని మూల తగిలి గోడ పెచ్చు ఊడిపడింది. ముగ్గురూ అలవాటు కొద్దీ ఒక్క క్షణం ఆగారు. బాబాయ్ పెదవులు బిగించి పైకప్పు వైపు చూశాడు.

"నువ్వే తిప్పావు బావా."

"నువ్వు లాగావు కాబట్టి తిప్పాను!"

"ఇద్దరికీ కళ్లు దొబ్బాయా?" డ్రైవరు కింద నుంచి అరిచాడు.

"ఏనాడైనా మోస్తే కదా నీకు తెలిసేది!" ఈ విషయంలో మాత్రం బావా బావమరుదులు ఒక్కటయ్యారు.

మాటకు మాట పెరిగి, బీరువా సంగతి పోయి, తొమ్మిదేళ్ల నాటి పెళ్లిలో ఎవరు ఎవర్ని పలకరించలేదో అక్కడిదాకా వెళ్లింది. పైకి పోవలసిన ఒకావిడ కింద, కిందికి రావలసిన ఒకాయన పైన, దారి లేక మెట్ల మీద కూలబడ్డారు. బాబాయ్ బీరువాకు భుజం ఆనించి నిలబడ్డాడు. ఒక్క మాట అంటే అయిపోతుంది. అంటే ఉద్యోగమూ అయిపోతుంది. ఆయన అనలేదు. గంటన్నర పట్టింది.

వారమంతా అదే తంతు. ఇళ్లవాళ్ల ఫోన్లతో మేనేజరు తల ప్రాణం తోకకొచ్చింది. ఎనిమిదో రోజు కంపెనీ యజమాని నేరుగా ఆఫీసులోకి వచ్చి, అందర్నీ వరసగా నిలబెట్టాడు.

"ఈ దిక్కుమాలిన పుస్తకం ఎవడి ఆలోచన?"

మేనేజరు నీళ్లు నమిలాడు. డ్రైవరు గోడ చూశాడు. బావా బావమరుదులు ఒకర్నొకరు చూసుకున్నారు. మేనేజరు జేబులోని పెన్ను తీసి వీపు వెనక దాచుకోవడం బాబాయ్ కంటపడింది. పాపం అనిపించింది.

"నాదేనండి," అన్నాడు.

అన్నాక లెక్క గుర్తొచ్చింది. ఇది ఐదోది.

సామాన్లు మోసేవాడు ఆఫీసులో పుస్తకం ఎలా పెట్టాడో యజమానికి బోధపడలేదు గానీ, తిట్టడానికి ఒక మనిషంటూ దొరికాడు. పావుగంట తిట్టాడు. తిట్టేకొద్దీ ఆయన మొహం తేటపడింది. చివరికి ఆ పుస్తకాన్ని తన చేత్తోనే నాలుగు ముక్కలుగా చించి బుట్టలో పడేసి, కారెక్కి వెళ్లిపోయాడు.

బాబాయ్ బుట్ట దగ్గరికి వెళ్లి తొంగి చూశాడు.

"సార్, ఐదోది మరి... సంతకం ఎక్కడ పెట్టమంటారు?"

మేనేజరు జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. తన కుర్చీ లాగి బాబాయ్ ముందు వేశాడు.

"ముందు కూర్చో బాబాయ్," అన్నాడు.